ముందు ఫ్యాన్ బంద్ చేద్దాం, తర్వాత ప్రీఆంప్ సంగతి

బతుకమ్మకు నెల ముందు నుంచే మా హనుమకొండలో మేడ మీది గదులు స్టూడియోలవుతాయి. పరుపులు గోడలకు ఆనుకుని నిలబడతాయి. దుప్పట్లు కిటికీలకు తెరలవుతాయి. కోరస్ పాడే పిల్లలు మెట్ల మీద చెప్పులు వదిలి, చేతిలో పాట కాగితాలతో వరసగా కూర్చుంటారు. యూట్యూబ్‌లో మనం వినే జానపదాలు ఎన్నో ఇట్లాంటి గదుల్లోంచి వచ్చినవే. నాదీ అట్లాంటి గదే: పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పైన రేకుల షెడ్డు కాదు గనక వాన పడ్డా పని సాగుతుంది.

నిరుడు ఆ రద్దీలో కాజీపేట నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో మైకు డబ్బా.

"అన్నా, పాట మధ్యల గ్యాప్ వచ్చినప్పుడల్లా బుస్సుమంటాంది. మంచి ప్రీఆంప్ ఏదో చెప్పు, తీసుకుంట."

"పైసలున్నయా?"

"ఇరవై వేల దాక అప్పు దొరుకుతది."

అప్పు మాట విన్నాక ఏదో ఒక పెట్టె పేరు చెప్పి పంపడానికి మనసు రాలేదు. ల్యాప్‌టాప్ తీయించి రెండు గంటలు కూర్చోబెట్టాను. ఆ రెండు గంటల మాటలే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు ఇదే ప్రశ్న దగ్గరికి వస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే జవాబుల్లో ఎక్కువభాగం, వాళ్లకు నిజంగా అడ్డుపడుతున్న చోటును వదిలేసి వేరేదాన్ని అమ్ముతాయి.

అసలు ప్రీఆంప్ చేసే పని

మైకు నుంచి వచ్చే కరెంటు చాలా చిన్నది. 1966 నుంచి ఊరేగింపుల్లో, సభల్లో, స్టేజీల మీద అందరూ చూస్తున్న షూర్ ఎస్ఎం58 మైకునే తీసుకోండి. దాని ముందు 94 డెసిబెల్స్ శబ్దం, అంటే గట్టిగా గొంతెత్తి పాడినంత, ఉన్నప్పుడు అది ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు. స్టూడియో పరికరాలు మామూలుగా మాట్లాడుకునే లైన్ లెవెల్ 1.23 వోల్టులు. మధ్యలో కొన్ని వందల రెట్ల తేడా ఉంది. మెల్లగా పాడితే వేల రెట్లు. ఆ తేడాను పూడ్చేదే ప్రీఆంప్. మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె, అదే మీ ఇంటర్‌ఫేస్, దాని మీద 'గెయిన్' అని రాసి ఉన్న గుండీ తిప్పుతున్నారంటే ప్రీఆంప్‌నే తిప్పుతున్నారు. అది మీ దగ్గర లేని వస్తువు కాదు, ఇప్పటికే ఇంటర్‌ఫేస్ లోపల ఉంది. ఈ సంగతి తెలియకుండానే చాలామంది 'ప్రీఆంప్ కొనాలి' అని బయల్దేరుతారు.

ఈ రెట్లను లెక్కపెట్టడానికి డెసిబెల్, పొట్టిగా డీబీ వాడతాం. వోల్టేజీ రెట్టింపయితే 6 డీబీ, పది రెట్లయితే 20, వెయ్యి రెట్లయితే 60. ఈ మూడు గుర్తుంటే మిగతా వ్యాసమంతా నోటిలెక్కే.

ప్రీఆంప్‌కు ఇంత పేరు రావడానికి కారణం అది వరసలో మొట్టమొదట ఉండటం. నారుమడిలో మొలిచిన కలుపు నాట్లతోపాటు పొలమంతా పోతుంది కదా, ఇదీ అంతే. మొదటి మెట్టులో కలిసిన బుస్సును తర్వాత వచ్చే ప్రతి మెట్టూ పాటతో సమానంగా పెంచుతుంది. అప్పుడు ఏరడం కష్టం. నాయిస్ తీసే ప్లగిన్లు ఉన్నాయి గానీ, కలుపుతోపాటు నాలుగు వరి మొలకలు కూడా పీకుతాయి. 'శ', 'స', 'ఛ' అక్షరాలు నలిగిపోతాయి.

బుస్సు ఎవరిది?

తమ్ముడికి ముందు ఒక పని చెప్పాను. గదిలో మామూలుగా రికార్డు చేసేటట్టే, ఫ్యాను తిరుగుతుండగా, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చెయ్యి. తర్వాత గెయిన్ గుండీ కదపకుండా, మైకును కేబుల్‌తో సహా తీసుకెళ్లి బీరువాలో దుప్పట్ల మధ్య చుట్టి, తలుపు దగ్గరగా వేసి, ఇంకో నిమిషం రికార్డు చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టి విను.

రెండో ఫైల్లో బుస్సు బాగా తగ్గితే, అది గది శబ్దం. రెండింటిలోనూ ఒకేలా ఉంటే అప్పుడు ప్రీఆంప్‌ను అనుమానించాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. దుకాణాలవాళ్లు మాత్రం చెప్పరు.

ఫలితం ఏ వైపు వస్తుందో ముందే అంచనా వేయవచ్చు, లెక్క చూడండి. ప్రీఆంప్ సొంత నాయిస్‌ను ఈఐఎన్ అనే సంఖ్యతో చెబుతారు. ఇది మైనస్ సంఖ్య, ఎంత కిందికి ఉంటే అంత మంచిది. ఇప్పుడు పదివేల పైచిలుకు ధరలో దొరికే పేరున్న ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు ‑127, ‑128 డీబీయూ (వోల్టేజీని డీబీల్లో చెప్పే కొలత) చుట్టుపక్కలే ఉంటున్నాయి. ‑128 అంటే వోల్టును ముప్పై లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి కన్నా తక్కువ, 0.31 మైక్రోవోల్టు. ఎస్ఎం58 పక్షాన దాన్ని మళ్లీ శబ్దంగా మార్చి చూస్తే 18 డెసిబెల్స్ వస్తుంది. అంటే మీ ప్రీఆంప్ బుస్సు, మైకు ముందు 18 డెసిబెల్స్ శబ్దం ఉన్నదానితో సమానం.

ఇప్పుడు మీ గది. నడివేసవిలో వరంగల్ ఎండ నలభై మూడు దాటాక ఫ్యాను లేకుండా కూర్చోగలిగినవాళ్లు చేయెత్తండి. ఫ్యాను నాలుగు మీద తిరిగితే గదిలో నలభై, నలభై ఐదు డెసిబెల్స్ ఎక్కడికీ పోవు. కూలరైతే ఇంకా ఎక్కువ. 45కూ 18కీ తేడా 27 డీబీ. శక్తి లెక్కలో ఐదు వందల రెట్లు. అంటే ఫ్యాను శబ్దం ఐదు వందల వంతులుంటే ప్రీఆంప్‌ది ఒక వంతు. ఆ ఒక్క వంతును సగం చేయడానికి తమ్ముడు అప్పు చేయబోతున్నాడు.

సరే, చౌకరకం పెట్టె ఉందనుకుందాం, ఈఐఎన్ ‑120 మాత్రమే. అప్పుడు 26 డెసిబెల్స్ అవుతుంది. అప్పటికీ ఫ్యానుదే పైచేయి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఫ్యాను శబ్దంలో ఎక్కువ భాగం లోగొంతులో గుమ్మని ఉంటుంది, ప్రీఆంప్‌ది పైస్థాయిలో సన్నగా ఉంటుంది, చెవి ఆ సన్నదాన్ని తొందరగా పట్టుకుంటుంది. మైకు కూడా వెనక నుంచి వచ్చేదాన్ని కొంత వదిలేస్తుంది. కాబట్టి ఐదు వందల రెట్లు చెవికి అంతే వినపడవు. అయినా ఏది ముందు, ఏది తర్వాత అనేది మారదు. రాత్రి పదకొండు తర్వాత, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి పాడించినప్పుడు మాత్రమే ఈ 18, 26 మధ్య తేడా బయటపడుతుంది. పాడేవాళ్లకు చెమటలు పడతాయి, రెండు పాటలకోసారి తలుపులు తీయాలి. మా దగ్గర అందరం అట్లనే చేస్తాం.

ఈఐఎన్‌కు ఒక నేల కూడా ఉంది. దాని కిందికి ఎవరూ పోలేరు. ఏ నిరోధకమైనా, అందులో ఏ సిగ్నలూ లేకపోయినా, వేడి వల్లే చిన్న బుస్సు పుట్టిస్తుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో జాన్ జాన్సన్ దీన్ని కొలిచాడు, హ్యారీ నైక్విస్ట్ కారణం చెప్పాడు, ఇద్దరి పత్రాలూ 1928లో వచ్చాయి. మామూలు మైకుకు సమానమైన 150 ఓమ్‌ల నిరోధం, గది వేడిలో, మన చెవి వినే మేర మొత్తానికీ ఇచ్చే నాయిస్ ‑131 డీబీయూ దగ్గర ఉంటుంది. లక్ష రూపాయల ప్రీఆంప్ అయినా ఆ గీత దాటదు. ‑128కి పైన ఇంకా మిగిలిన జాగా మూడే డీబీ. అందుకే నాయిస్ సంఖ్య ఒక్కటే చూసి కొనడం, అరకిలో చింతపండు కోసం మూడు దుకాణాలు తిరిగినట్టు ఉంటుంది.

ఆ సంఖ్యల్లో మాయ కూడా ఉంది. ఒకరు 'ఏ‑వెయిటెడ్' అని కొలుస్తారు, చెవికి తక్కువ వినపడే భాగాన్ని లెక్కలోంచి తగ్గించి. దాంతో రెండు డీబీల దాకా అందంగా కనపడుతుంది. ఇంకొకరు 150 ఓమ్‌ల బదులు ఇన్‌పుట్‌ను నేరుగా కలిపేసి కొలుస్తారు, ఇంకా అందం. కాబట్టి రెండు కంపెనీల కాగితాలు పక్కపక్కన పెట్టి ఒకటి రెండు డీబీలకు కొట్లాడటం దండగ.

గెయిన్ చాలడం లేదా?

ప్రీఆంప్ విషయంలో నిజంగా పట్టించుకోవలసింది నాయిస్ కన్నా ఇది. ఎంత పెంచగలదు?

తమ్ముడి మైకు ఎస్ఎం58 లాంటి డైనమిక్, అంటే బయటి కరెంటు అక్కర్లేకుండా నడిచేది. ఇంటర్‌ఫేస్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న ఫోకస్‌రైట్ స్కార్లెట్ మూడో తరానిది, 2019 నాటి మోడల్. దాని గెయిన్ మేర 56 డీబీ. మామూలుగా మాట్లాడే గొంతు మీటరు దూరంలో 65 డెసిబెల్స్ ఉంటుందనుకోండి. పది సెంటీమీటర్ల దగ్గరికి వస్తే 85. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెవెల్ చూపే మీటరు (సున్నా దాటితే గొంతు పగులుతుంది) సగటున ‑18 దగ్గర ఆడాలంటే ఈ మైకుకు సుమారు 52 డీబీ గెయిన్ కావాలి. అంటే గుండీ దాదాపు చివరికి. పాడ్‌కాస్ట్ వీడియోల్లో అందరి ముందూ కనపడే షూర్ ఎస్ఎం7బీకి 57 కావాలి, ఆ పెట్టె వల్ల కాదు. అదే ఆడియో‑టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ మైకుకు, అంటే కేబుల్లోంచి కరెంటు తీసుకుని నడిచేదానికి, 35 చాలు. ఎందుకంటే అదే శబ్దానికి అది ఏడు రెట్లు ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది.

ఈ మూడు సంఖ్యల్లోనే ప్రీఆంప్ కొనాలా వద్దా అనేదానికి సగం జవాబుంది. కండెన్సర్ మైకు ఉన్నవాళ్లకు ప్రీఆంప్ దాదాపు సమస్యే కాదు. ఏటీ2020 తనంతట తానే 20 డెసిబెల్స్‌కు సమానమైన నాయిస్ చేస్తుంది. ‑128 ప్రీఆంప్ దాని మీద కలిపేది ఒక డెసిబెల్‌కు సమానం. ఇరవై రూపాయల అప్పు ఉన్నవాడు పావలా గురించి బాధపడినట్టు. వాళ్లు డబ్బు పెట్టవలసింది మైకు మీద, గది మీద.

డైనమిక్ మైకు పట్టుకుని మెల్లగా మాట్లాడేవాళ్లకు, జోలపాటలు పాడించేవాళ్లకు ఇబ్బంది నిజమే. కానీ కొనే ముందు ఇంకో లెక్క. తమ్ముడు తెచ్చిన వీడియోలో పాడే అమ్మాయి మైకుకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. మూరెడు నుంచి జానెడుకు వస్తే 6 డీబీ పెరుగుతుంది. జానెడు నుంచి బెత్తెడుకు వస్తే ఇంకో తొమ్మిది దాకా. మొత్తం పదిహేను డీబీ, ఉత్త పుణ్యానికి. ఏ దుకాణంలోనూ ఈ ధరకు ఇంత గెయిన్ దొరకదు. పైగా దీనివల్ల గది శబ్దం పెరగదు, గొంతు ఒక్కటే పెరుగుతుంది. ప్రీఆంప్ గెయిన్ పెంచితే రెండూ పెరుగుతాయి.

దగ్గరికి వస్తే 'ప', 'భ' అక్షరాలకు గాలి కొట్టి దబ్బుమంటుంది, గొంతులో బేస్ కూడా ఉబ్బుతుంది. దానికి గాలిని ఆపే పాప్ ఫిల్టర్ పెట్టి, మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు, బుగ్గ వైపు తిప్పి పెట్టాలి. ఉబ్బిన బేస్‌ను తర్వాత ఈక్వలైజర్‌లో దించుకోవచ్చు. పాడేవాళ్లు కదలకుండా నిలబడటమే కష్టం. మా దగ్గర కోలాటం పాటలు పాడేవాళ్లు చేతులు ఊపకుండా ఒక్క చరణం పాడలేరు. వాళ్లకు స్టూలేసి కూర్చోబెడతాను.

ఇంకో సందేహం తరచుగా వస్తుంది. మీటరు ఎర్రగా అయ్యేదాకా గెయిన్ పెంచితేనే క్వాలిటీ అని. టేపు కాలం నాటి అలవాటు అది. ఇప్పుడు మెల్లటి శబ్దాన్నీ వివరంగా పట్టే 24 బిట్ డిజిటల్‌లో రికార్డు చేస్తున్నాం. సగటు ‑18, గట్టి చోట్ల ‑10, ‑8 దగ్గర ఉంటే చాలు. కొంచెం తక్కువైనా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు. ప్రీఆంప్ మంచిదైతే అక్కడ పెంచినా ఇక్కడ పెంచినా నాయిస్ ఒకటే. ఎర్ర దీపం వెలిగి పగిలిన గొంతును మాత్రం ఎవరూ అతికించలేరు.

కొత్త తరం పెట్టెల్లో గెయిన్ బాధను కంపెనీలే తీర్చేశాయి. 2023లో వచ్చిన స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరంలో గెయిన్ మేర 69 డీబీ. తమాషా ఏమిటంటే కాగితం మీద ఈఐఎన్ పాత దానికన్నా ఒక డీబీ చెడింది, ‑128 నుంచి ‑127కి. ఎవరైనా విని తేడా పట్టారా అంటే లేదు. కానీ ఎస్ఎం7బీ పెట్టుకున్నవాళ్లందరికీ ఆ పదమూడు డీబీల గెయిన్ పండగయింది.

బూస్టరా, విడి ప్రీఆంపా

పాత పెట్టె ఉంచుకుని గెయిన్ పెంచుకోవాలనుకునేవాళ్లకు బూస్టర్లున్నాయి. క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటివి. మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య కేబుల్లో పెడతారు. ఇంటర్‌ఫేస్ నుంచి మైకు కేబుల్లో వచ్చే 48 వోల్టుల కరెంటును, అదే ఫాంటమ్ పవర్‌ను, తాము తిని బతుకుతాయి, మైకు దాకా పోనివ్వవు. మొదటిది 25, రెండోది 27 డీబీ దాకా ఇస్తాయి. కాబట్టి కండెన్సర్ మైకుకు ఇవి పనికిరావు, దానికి ఆ ఫాంటమే కావాలి కదా. గెయిన్ గుండీ చివర్లో బుస్సుమనే పాత, చౌక ఇంటర్‌ఫేస్‌కు బూస్టర్ నిజంగా మేలు చేస్తుంది. ‑128 ఉన్న పెట్టెకు గెయిన్ ఇస్తుంది గానీ నాయిస్ తగ్గించేది ఏమంత లేదు. మన దగ్గర బూస్టర్ ధర ఒక చిన్న ఇంటర్‌ఫేస్ ధరకు దగ్గరగా ఉంటుంది. ఆ డబ్బుకు పాత పెట్టె అమ్మగా వచ్చింది కలిపి కొత్త ఇంటర్‌ఫేస్ తీసుకోవడమే నయమని నా లెక్క.

ఇక విడి ప్రీఆంపు. ఇక్కడ నేను బొక్కబోర్లా పడ్డ కథ ఒకటి చెప్పాలి.

మొదలుపెట్టిన రోజుల్లో 'ట్యూబు' (పాత రేడియోల్లో వెలిగే గాజు వాల్వు) అని రాసి, కిటికీలోంచి ఎర్రగా వెలిగే చిన్న పెట్టె ఒకటి తెప్పించాను. గొంతుకు వెచ్చదనం వస్తుందన్నారు. మైకును పెట్టెలో పెట్టి, పెట్టె నుంచి మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ మైకు కేబుల్‌ను ఇంటర్‌ఫేస్ మైకు ఇన్‌పుట్‌లో పెట్టాను. బుస్సు పోలేదు, ఇంకో రకం బుస్సు దానికి తోడైంది. వారం రోజులు కేబుళ్లు మార్చాను. చివరికి రేడియోలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా గదికి వచ్చి, వెనక వైరు చూసి నవ్వాడు. "వండిన అన్నం మళ్ల కుక్కర్ల పెట్టినవేందిరా?" అన్నాడు. బయటి ప్రీఆంప్ ఒకసారి పెంచి ఇచ్చిన సిగ్నల్‌ను ఇంటర్‌ఫేస్‌లోని మైకు ప్రీఆంప్‌కే మళ్లీ ఇస్తున్నాను. వెళ్లవలసింది లైన్ ఇన్‌పుట్‌లోకి, పావంగుళం జాక్‌తో. చౌక ఇంటర్‌ఫేసుల్లో చాలావాటికి ఆ లైన్ ఇన్‌పుట్ కూడా లోపల సిగ్నల్‌ను కొంత తగ్గించి మళ్లీ అదే ప్రీఆంప్ గుండానే పంపిస్తుంది. మూడు వేలు పెట్టినా ముప్ఫై వేలు పెట్టినా చివరి గేటు ఆ పాత గేటే.

ట్యూబు సంగతీ అప్పుడే తెలిసింది. పెద్ద పరికరాల్లో ట్యూబుకు రెండు వందల వోల్టుల పైనే ఇస్తారు. చిన్న పెట్టెల్లో చాలావాటిలో చాలా తక్కువ వోల్టేజీ మీద నడిపిస్తారు. అసలు పెంచే పని పక్కనున్న చిప్పు చేస్తుంది, ట్యూబు కొంచెం గరగర కలుపుతుంది. దానికి గిరాకీ ఉంది, తప్పు పట్టను. కానీ అది వెచ్చదనమని ముందే అనుకుని వింటే వెచ్చగానే వినపడుతుంది. కళ్లు మూసుకుని, ఏది ఏదో తెలియకుండా వింటే నేను మూడుసార్లు ఓడిపోయాను.

పెద్ద స్టూడియోల్లో ప్రీఆంప్ రంగు గురించి మాట్లాడేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. 1970లో వచ్చిన నీవ్ 1073 లాంటి వాటిలో ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. గట్టిగా తోస్తే వాటికో రుచి వస్తుంది. అయితే ఆ రుచి మైకు మార్చితే వచ్చే తేడాలో, గదిలో రెండు దుప్పట్లు కట్టితే వచ్చే తేడాలో చిన్న భాగం. ఇంటి స్టూడియోలో రంగు కోసం ప్రీఆంప్ కొనడం, ఇల్లు కట్టకముందే గేటుకు ఇత్తడి పూత వేయించడమే.

గట్టి శబ్దాల దిక్కు

గొంతు కథ ఇట్లుంటే, డప్పు కథ పూర్తిగా తిరగబడుతుంది. డప్పుకు, ఒగ్గు డోలుకు దగ్గరగా మైకు పెడితే 120 డెసిబెల్స్ అలవోకగా దాటుతుంది. రోడ్ ఎన్‌టీ1 లాంటి మంచి కండెన్సర్ ఒక పాస్కల్‌కు, అంటే ఆ 94 డెసిబెల్స్‌కే, 35 మిల్లీవోల్టులిస్తుంది. 120 దగ్గర అది 0.7 వోల్టు అవుతుంది. కర్ర పడ్డ క్షణంలో దానికి ఇంకో మూడు నాలుగు రెట్లు. ఇక్కడ ప్రీఆంప్ పెంచవలసిందేమీ లేదు, తట్టుకోవాలి. గెయిన్ సున్నాకు తిప్పినా మీటరు ఎర్రబడుతుంటే ప్రీఆంప్ చేతులెత్తేసిందని అర్థం. అందుకే ఈ రకం పని చేసేవాళ్లు ఈఐఎన్ పక్కన పెట్టి 'గరిష్ఠ ఇన్‌పుట్' అనే సంఖ్య చూడాలి. +9 డీబీయూ కన్నా +16 మేలు. మైకు మీదో ఇంటర్‌ఫేస్ మీదో సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ స్విచ్చు ఉంటే ఇంకా మేలు. లేదంటే కండెన్సర్ తీసేసి ఎస్ఎం57 లాంటి డైనమిక్ పెట్టండి, గొడవ ఉండదు. గొంతుకు బలహీనమైన ఆ మైకే డప్పుకు మొనగాడు.

32 బిట్ ఫ్లోట్ అని ఇప్పుడు కొత్త రికార్డర్లు వస్తున్నాయి. సిగ్నల్‌ను అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు పెట్టి, గెయిన్ సెట్టింగ్ బాధ లేకుండా చేస్తాయి. బయట జాతర దగ్గర, దేవుని పెళ్లి దగ్గర రికార్డు చేసేవాళ్లకు బాగుంటాయి. కానీ వాటికీ లోపల ప్రీఆంప్ ఉంటుంది, దాని నాయిస్ దానికుంటుంది. మైకే పగిలేంత శబ్దం వస్తే ఫ్లోట్ కాపాడదు.

కరెంటు తెచ్చే చిక్కులు

బుస్సు కాదు, గుయ్యిమని ఒకే శ్రుతిలో మోగుతుంటే అది వేరే జబ్బు. మన కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర వినపడే ఆ గుయ్యికి ప్రీఆంప్ దోషి కాదు. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. పోయిందంటే ఎర్తింగ్ సంగతి. మన పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ మూడోదానికి వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే బొగ్గు, ఉప్పు మార్చి నీళ్లు పోయిస్తాడు. గుయ్యి ఆపడానికి ప్లగ్గు మూడో పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పాడేవాళ్ల పెదవులు మైకు జాలీకి తగులుతుంటాయి, ప్రాణాల మీదికి వస్తుంది. ఆ పని వద్దు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు గరగరమంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. సైన్ వేవ్‌ది ఆ బాధ చాలావరకు పెట్టదు. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కూడా రెండు మూడు నంబర్ల మీద ఉన్నప్పుడు కేబుల్లోకి దూరుతుంది. ఎక్స్ఎల్ఆర్ కేబుల్‌లో ఒకే సిగ్నల్ రెండు తీగల మీద ఎదురెదురుగా వస్తుంది. దారిలో రెండింటికీ సమానంగా అంటిన చెత్తను ప్రీఆంప్ తీసివేతతో పోగొడుతుంది. నాసిరకం కేబుల్లో టంకం ఊడితే ఆ తీసివేత కుదరదు. ప్రీఆంప్ మార్చే ముందు కేబుల్ మార్చి చూడమనేది అందుకే.

ఫాంటమ్ పవర్ గురించి ఒక్క మాట. 48 వోల్టులే ఎందుకంటే, 1966లో న్యూమాన్ కంపెనీ నార్వే రేడియో కోసం మైకులు చేసినప్పుడు అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాలకు 48 వోల్టుల సప్లై సిద్ధంగా ఉంది. అదే ప్రపంచమంతా నిలిచిపోయింది. యూఎస్‌బీ నుంచి వచ్చే ఐదు వోల్టులను మీ చిన్న పెట్టె లోపలే 48కి పెంచుకుంటుంది. అందుకని నాలుగు వస్తువులు తగిలించిన హబ్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌కు నేరుగా పెట్టండి.

తమ్ముడికి చివరికి చెప్పింది ఇదీ. కండెన్సర్ ఉంటే ఇప్పుడున్న పెట్టెతో ఇంకో రెండేళ్లు గడుపు. డైనమిక్‌తోనే ఉంటానంటే దగ్గరగా పాడించు. అప్పటికీ గుండీ చివరికి తిప్పవలసి వస్తే, అరవై డీబీ పైన గెయిన్ ఉన్న కొత్త ఇంటర్‌ఫేస్ తీసుకో. అందులోనే ప్రీఆంప్ ఉంది, విడిగా వద్దు. పెట్టె కొనేముందు గుండీని చివరి పావు భాగంలో తిప్పి చూడు. కొన్నిట్లో చివరి గీతల మధ్యే ఇరవై డీబీలు దూకుతాయి, సెట్ చేయడం నరకం. ఏది కొన్నా ఆ ఇరవై వేలల్లో నాలుగైదు వేలు దుప్పట్లకు, మైకు స్టాండుకు, పాప్ ఫిల్టర్‌కు, మంచి కేబుల్‌కు ఉంచుకో.

నాలుగు రోజుల తర్వాత వాట్సాప్‌లో రెండు ఫైళ్లు పంపాడు. మొదటిది ఫ్యానుతో, రెండోది బీరువాలోది. రెండోదాంట్లో బుస్సు ఎక్కడో పాతాళంలో ఉంది. అంత నిశ్శబ్దంలో, పదిహేనో సెకను దగ్గర, కాజీపేట జంక్షన్ నుంచి రైలు కూత ఒకటి, దుప్పట్లన్నీ దాటుకుని, స్పష్టంగా వచ్చి పడింది. కింద మెసేజ్: "అన్నా, దీనికేం తీసుకోవాలె?"